పక్కవాళ్ళ సంగతి

డన్‌ఫోర్క్ ఊరి చుట్టూ ఇసుకగుట్టలు. వాటి మీద గడ్డి తప్ప ఇంకేమీ పెరగదు. గడ్డిని పశువులు మేస్తాయి. పశువుల్ని నమ్ముకుని మనుషులు బతుకుతారు. ఒక ఇంటి దీపం ఇంకో ఇంటికి కనబడదు. అయినా అందరూ అందరికీ పక్కింటివాళ్ళే.

ఎలా ఉన్నారని అడిగితే వాళ్ళ దగ్గర ఒకటే జవాబు. పర్లేదు. గాలికి కొట్టం కప్పు లేచిపోయినా పర్లేదు. మంచులో దూడలు చచ్చినా పర్లేదు. అంతకుమించి చెప్పుకోవడమంటే నలుగురిలో చొక్కా విప్పుకు నిలబడటమే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆ గుట్టల్లోవాళ్ళు అమ్మను కూడా అడగరు.

ఆర్డిత్ పోస్పిషిల్ అక్కడే పుట్టింది. పొడుగాటి మనిషి. చేతులు పెద్దవి. పశువుల వేలంశాలలో ఒక మూల ఉన్న చిన్న హోటలు ఆమెది. శుక్రవారం వేలం. ఆ పూట పెద్ద గిన్నెలో బీన్సూ మాంసమూ వేసి చిల్లీ కాచేది. పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టేది. కారం ఒక ముద్ద, తీపి ఒక ముద్ద. అలా తిననివాడిని ఆ ఊళ్ళో ఎవరూ పూర్తిగా నమ్మరు.

ఆమె భర్త విలర్డ్‌ను ఒక చలికాలం పొద్దున ఎద్దు కుమ్మింది. అప్పటికే డన్‌ఫోర్క్ ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి తాళం పడింది. రైలు ఆగే పెద్ద ఊరు ఒకటుంది, రైలు పట్నమంటారు; అక్కడికి ట్రక్కులో తీసుకుపోతుండగా దారిలో పోయాడు. దాని గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అందరికీ తెలుసు.

ఆ తాళం వెనక ఒక నియమం ఉంది. ఏడాదికి ఇంతమంది రోగులు వస్తేనే ఆసుపత్రికి ప్రభుత్వ సాయం. ఆ గుట్టల్లో అంతమంది మనుషులే లేరు. ముందు ఆపరేషన్ గది పోయింది. తరవాత కాన్పుల గది. ఇక మిగిలింది వీధి తలుపు.

వాషింగ్టన్ సభలో ఆ జిల్లాకు చాలాకాలంగా ప్రతినిధిగా ఉన్న పెద్దమనిషి ఇక చాలనుకుని తప్పుకున్నాడు. ఆ సీటు కోసం రైలు పట్నం నుంచి ఒక యువ లాయరు బయలుదేరాడు. కొత్త బూట్లు. కొత్త టోపీ. ఒక శుక్రవారం వేలంశాలకు వచ్చి, ఆర్డిత్ హోటల్లో ఓర్విల్ గ్రాబ్ పక్కన కూర్చున్నాడు. ఓర్విల్ ముసలి రైతు, ఆర్డిత్‌కు ఉత్తరం వైపు పక్కింటివాడు.

"మీకెన్ని పశువులున్నాయండీ?" అన్నాడు లాయరు, మాట కలుపుదామని.

చెంచాల చప్పుడు ఆగిపోయింది.

ఓర్విల్ రొట్టె ముక్క నమిలి మింగాడు. "నీకు బ్యాంకులో ఎంతుంది బాబూ?"

"అదేంటండీ?"

"ముందు నువ్వు చెప్పు. ఆనక నేను చెప్తాను."

లాయరు నవ్వబోయాడు. ఎవరూ తోడు నవ్వలేదు. కాఫీ సగం తాగి లేచిపోయాడు. తలుపు మూసుకున్నాక, ఆర్డిత్ హోటల్లో గిన్నెలు తోమే మావిస్ వంటింట్లోంచి తల బయటపెట్టింది.

"మనిషిని బట్టలిప్పమన్నా అంత సిగ్గుచేటుగా ఉండదు. వీడా మన కోసం మాట్లాడేది?"

"ఇంకెవరున్నారు?" అన్నాడు వేలం పాడే డూయీ.

"ఇదుగో, ఈవిడుంది." మావిస్ సబ్బు చేత్తో ఆర్డిత్‌ను చూపించింది. "ఎన్నేళ్ళుగానో మన కడుపు కనిపెట్టి పెడుతోంది. ఒక్కడినైనా ఎన్ని పశువులని అడిగిందా?"

"ఊరుకోవే" అంది ఆర్డిత్.

"ఎందుకూరుకోవాలి? ఆసుపత్రి ఎవడు నిలబెడతాడు, ఆ బూట్లవాడా?"

ఆర్డిత్ కాఫీ కెటిల్ అందుకుంది. ఓర్విల్ కప్పులో కాఫీ పోసింది. కప్పు నిండింది. ఆమె పోస్తూనే ఉంది. కాఫీ బల్ల మీదకు పారింది.

"నువ్వు నిలబడుతున్నావన్నమాట" అన్నాడు ఓర్విల్, బల్ల తుడుస్తూ.

విలర్డ్ పాత ట్రక్కులో ఆమె జిల్లా అంతా తిరిగింది. వేదిక ఎక్కలేదు. ఊరి విందు జరిగినచోట వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమింది. తోముతూ ఆడవాళ్ళ మాటలు వింది. వేసవి ఊరేగింపుల్లో లాయరు తెల్లకారులో నిలబడి చేతులూపాడు. ఆమె గుర్రాల వెనక నడిచింది, చూసి అడుగులేస్తూ. "తలలు కాదు, దూరం లెక్కపెట్టండి." ఆసుపత్రి గురించి ఆమె చెప్పిన మాట అదొక్కటే. నవంబరు ఎన్నికల్లో గుట్టల ఓట్లన్నీ ఆమెకే పడ్డాయి. రైలు పట్నం ఓట్లు కూడా సగం పడ్డాయి.

వాషింగ్టన్‌లో ఆమెకు పై అంతస్తులో, చివర, కిటికీలోంచి ఇంకో గోడ కనిపించే గది ఇచ్చారు. ఆమె పట్టించుకోలేదు. మొదటి ఏడాదే తన బిల్లు పెట్టింది. ఏ ఆసుపత్రి పక్క ఆసుపత్రికి మరీ దూరంగా ఉందో, దానికి రోగుల లెక్క చూడకుండా సాయం ఇవ్వాలి. అంతే. ఒక్క పేజీ బిల్లు.

అది లోరింగ్ కమిటీ ముందుకు వెళ్ళింది. ప్రెంటిస్ లోరింగ్ సముద్రతీరపు మనిషి. నాన్న, తాత, అందరూ సభలో కూర్చున్నవాళ్ళే. మర్యాదస్తుడు. గుట్టలంటే ఎరగడు.

సాక్షులుగా ఆర్డిత్ ఇద్దరిని పిలిపించింది. ఒకరు ఓర్విల్. ఇంకొకరు లవోన్ స్ట్రూబ్. లవోన్ చిన్న వయసు పిల్ల, చంకలో పసిబిడ్డ. ఆ బిడ్డను ట్రక్కులో, రోడ్డు పక్కన కంది. వీళ్ళిద్దరూ నోరు విప్పితే చాలనుకుంది ఆర్డిత్.

"మిస్టర్ గ్రాబ్" అన్నాడు లోరింగ్. "సరైన ఆసుపత్రి లేక మీరు పడిన ఇబ్బందులు చెబుతారా?"

ఓర్విల్ తన ఏకైక సూటులో ఇరుగ్గా కదిలాడు. "పెద్దగా ఏం లేదండి."

"ఏమీ లేదా?"

"నెట్టుకొస్తున్నామండి."

"మీరు చెప్పండి, మిసెస్ స్ట్రూబ్."

లవోన్ బిడ్డ వైపు చూసింది. "మాకన్నా కష్టాలు పడేవాళ్ళు ఎంతోమంది ఉన్నారండి. మేం పర్లేదు."

ఆర్డిత్ ముందుకు వంగింది. "లవోన్, నీ కాన్పు సంగతి చెప్పు."

"బిడ్డ బాగుందిగా" అంది లవోన్. మెడ దాకా ఎర్రబడింది.

ఒక సభ్యుడు పెన్ను మూత పెట్టేశాడు. ఇంకొకాయన గడియారం చూసుకున్నాడు. లోరింగ్ సాక్షులకు చాలా మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాడు. బిల్లు ఆ గదిలోనే చచ్చింది.

వాళ్ళిద్దరినీ దిగబెట్టడానికి ఆర్డిత్ కూడా ఇంటికి వచ్చింది. విమానాశ్రయం నుంచి గుట్టల మధ్య ట్రక్కును ఆమే నడిపింది. లవోన్ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. ఒక మలుపు దగ్గర ఓర్విల్ గొంతు తగ్గించి వేలు చూపించాడు.

"అదుగో, అక్కడే కంది ఈ పిల్ల. మొగుడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నేనే కంచె దగ్గర్నించి పరుగెత్తాను. దూడల్ని లాగిన చేతులు కదా, పనికొచ్చాయి. బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుంది. నా కోటులో చుట్టి రొమ్ము రుద్దుతూ కూర్చున్నాను. ఎంతకీ ఏడవదే. ఈ పిల్ల నా మొహం చూస్తూనే ఉంది. అట్లాంటి చూపు నేను మళ్ళీ చూడదల్చుకోలేదు ఆర్డిత్."

ఆర్డిత్ ట్రక్కు ఆపేసింది.

"ఈ మాట అక్కడ ఎందుకు చెప్పలేదు?"

ఓర్విల్ ఆమెను వింతగా చూశాడు. "అది లవోన్ సంగతి కదా. వాళ్ళు నా సంగతి అడిగారు."

గాలికి గడ్డి ఒకవైపు వాలి లేచింది. ఆర్డిత్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తన హోటల్లో ఇన్నేళ్ళూ చేసింది ఏమిటి? ఓర్విల్ నడుంనొప్పి ఎలా ఉందో తెలియాలంటే ఓర్విల్‌ను అడిగేది కాదు. డూయీని అడిగేది. డూయీ ఇంట్లో గొడవ తగ్గిందా అంటే మావిస్‌ను అడిగేది. పెద్ద భవనంలోకి వెళ్ళేసరికి ఆ ఇంగితం కాస్తా మరిచిపోయింది. ఆ లాయరు ఒక మనిషిని అడగరాని ప్రశ్న అడిగాడు. తను ఇద్దరిని అడిగింది.

"నేనూ ఆ బూట్లవాడిలాగే చేశాను" అంది.

"అంత కాదులే" అన్నాడు ఓర్విల్. "నీ బూట్లు పాతవి."

ఆ చలికాలంలో ఆసుపత్రి పెద్దలు చెప్పేశారు. వచ్చే ఏడు మంచు పడేలోగా ఏదైనా జరగాలి. లేకపోతే వీధి తలుపు కూడా మూత.

ఆర్డిత్ లోరింగ్ గదికి వెళ్ళింది. ఆయనకూ ఒక బిల్లు ఉంది, చేపల రేవుకు గోడ కట్టే బిల్లు. దానికి ఓట్లు చాలడం లేదు. మైదానాల నుంచి వచ్చిన సభ్యులెవరికీ చేపల గొడవ పట్టలేదు.

"సముద్రం నేను చూడనేలేదు మిస్టర్ ఛైర్మన్. అయినా మీ గోడకు నా ఓటు ఇస్తాను. మా వైపు సభ్యుల్ని కూడా తెస్తాను."

"బదులు?"

"మీ కమిటీని మా ఊరు తీసుకురండి. విచారణ అక్కడ పెట్టండి."

"మీ సాక్షులకు ఇబ్బందులే లేవని వాళ్ళే చెప్పారు కదా, మిసెస్ పోస్పిషిల్?"

"తప్పు వాళ్ళది కాదు. నేను అడగడం చేతకాక. ఈసారి అడుగుతాను."

లోరింగ్ ఆమె చేతులకేసి చూశాడు. తరవాత కేలెండరు తీశాడు.

మే నెలలో కమిటీ డన్‌ఫోర్క్‌లో దిగింది. ఊళ్ళో అంతమంది పట్టే చోటు వేలంశాల ఒక్కటే. డూయీ రంపపుపొట్టు కొత్తది పరిచాడు. పశువుల వాసన మాత్రం అలాగే ఉంది. వేలం పాడే ఎత్తు పెట్టెలో లోరింగ్‌ను కూర్చోబెట్టారు. సభ నడపడానికి ఆయన తెచ్చుకున్న సుత్తి ఎక్కడో సామాన్లలో ఉండిపోతే డూయీ తన సుత్తి ఇచ్చాడు.

"దాన్ని ఊరికే కొట్టకండి సార్" అన్నాడు. "మీరు కొడితే ఎవడో ఒక ఆవును కొన్నట్టే."

కింద, పశువుల్ని తిప్పే గుండ్రటి దొడ్డిలో సాక్షుల కుర్చీ వేశారు. చుట్టూ మెట్ల మీద జిల్లా అంతా టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదట మిగతా సభ్యులు అడిగారు. మీకేం ఇబ్బంది అన్నారు. జవాబులు తెలిసినవే. పర్లేదండి. నెట్టుకొస్తున్నామండి. లోరింగ్ ఆర్డిత్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అది ఆమెకు ఇంకా బరువనిపించింది. ఇక్కడ కూడా పోతే ఇంకో విచారణ ఉండదు. వీధి తలుపు ఉండదు.

ఆమె వంతు వచ్చింది. ఓర్విల్ కుర్చీలో ఉన్నాడు.

"మిస్టర్ గ్రాబ్" అంది. "మీ సంగతి నాకక్కర్లేదు."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీ పక్కింటి లవోన్ స్ట్రూబ్ సంగతి చెప్పండి."

ఓర్విల్ భుజాలు దిగాయి. సూటు ఒక్కసారిగా వదులైనట్టు కనిపించింది. చెప్పడం మొదలుపెట్టాడు. ట్రక్కు, మలుపు, లవోన్ అరుపు, కోటు, ఏడవని బిడ్డ. నెమ్మదిగా, ఏదీ వదలకుండా.

పెన్నుకు మూతపెట్టిన సభ్యుడు మధ్యలో లేచాడు. "మిస్టర్ ఛైర్మన్, సాక్షి తన అనుభవం చెప్పాలి. ఇవి ఊరి కబుర్లు."

"ఆ కబురుగలావిడ ఇక్కడే కూర్చుంది" అంది ఆర్డిత్. "తప్పయితే లేచి చెబుతుంది."

లవోన్ లేచింది. బిడ్డ ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడుతోంది.

"ఒకటి తప్పు" అంది. "ఆయన చెబుతున్నట్టు నేను అరవలేదు."

"అరిచావు. రెండు ఫర్లాంగుల అవతల కంచె కడుతుంటే వినబడబట్టేగా పరుగెత్తాను."

"అరిచింది మా ఆయన!"

వేలంశాల మొత్తం నవ్వింది. లవోన్ మొగుడు టోపీతో మొహం కప్పుకున్నాడు. నవ్వు ఆగాక లవోన్ ఇంకా నిలబడే ఉంది.

"మిగతాదంతా నిజం" అంది. "ఈయన లేకపోతే వీడు లేడు."

ఆ తరవాత ఇక ఆగలేదు. ఆర్డిత్ లవోన్‌ను డూయీ గురించి అడిగింది. డూయీని మావిస్ గురించి అడిగింది. మావిస్‌ను బడి టీచరు గురించి అడిగింది. తమ గురించి రెండు ముక్కలు పలకని మనుషులు పక్కవాళ్ళ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పారు. కడుపులో పగిలిన అపెండిక్స్. గడ్డి యంత్రంలో పోయిన చెయ్యి. మంచులో ఇరుక్కున్న అంబులెన్సు. ఎవరి కథ నడుస్తుంటే వాళ్ళు తల దించుకున్నారు. పక్కవాళ్ళు వాళ్ళ భుజం మీద చెయ్యి వేశారు.

లోరింగ్ కోటు విప్పాడు. రాసుకోవడం మానేశాడు. చివరికి తనే పెట్టెలోంచి ముందుకు వంగాడు.

"మిస్టర్ గ్రాబ్, మిమ్మల్ని మళ్ళీ పిలవవచ్చా?"

ఓర్విల్ వచ్చి కూర్చున్నాడు.

"ఈవిడ కూడా మీ పక్కింటావిడే కదా?" లోరింగ్ ఆర్డిత్‌ను చూపించాడు. "ఈవిడ సంగతి చెప్పండి."

ఆర్డిత్ నోరు తెరిచింది. "అది అక్కర్లేదు మిస్టర్ ఛైర్మన్."

"అడగడం మీరే నేర్పారు" అన్నాడు లోరింగ్.

ఓర్విల్ ఆమె వైపు చూడలేదు. రంపపుపొట్టు వైపు చూస్తూ మాట్లాడాడు.

"విలర్డ్‌ను ఎద్దు కుమ్మినప్పుడు ఇద్దరం ఎత్తి ట్రక్కులో పడుకోబెట్టామండి. ఇక్కడి ఆసుపత్రికే తెచ్చాం. డాక్టరుగారు చూశాడు. పాపం, ఆయన చేతిలో ఏం లేదు, గదికి తాళం. రైలు పట్నానికి ఈవిడే నడుపుతానంది. నేను వెనక విలర్డ్‌తో కూర్చున్నాను. మంచు కొడుతోంది. సగం దారిలో అతను పోయాడు. అద్దం మీద తట్టాను. ఆపింది. దిగి వచ్చింది. అతని టోపీ సరిగ్గా పెట్టింది. ట్రక్కు వెనక్కి తిప్పి ఇంటికి తెచ్చింది. మర్నాడు శుక్రవారమండి."

అతను ఆగాడు.

"మర్నాడు వచ్చి చిల్లీ కాచింది. మాకు పెట్టింది. మేం తిన్నాం. ఏమీ అనలేదు మేం. ఏమనాలో తెలియలేదు. ఇప్పుడు అంటున్నాను."

ఆర్డిత్ పెద్ద చేతులు బల్ల మీద ఉన్నాయి. ఆమె వాటిని తీయలేదు. మొహం కూడా దాచుకోలేదు. కన్నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది. మెట్ల మీద ముందు మావిస్ లేచి నిలబడింది. తరవాత డూయీ. తరవాత జిల్లా అంతా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిలబడ్డారు, అంతే.

లోరింగ్ సుత్తి ఎత్తాడు, డూయీ మాట గుర్తొచ్చి మెల్లగా కింద పెట్టాడు. "విచారణ ముగిసింది" అన్నాడు, మామూలు గొంతుతో. పెన్ను మూతాయన ఆ పూట రెండోసారి చిల్లీ పెట్టించుకున్నాడు. రొట్టె కూడా ముంచుకు తిన్నాడు.

బిల్లు కమిటీ దాటింది. సభకు వచ్చింది. సభలో లోరింగే లేచి మాట్లాడాడు. గుట్టల గురించి, మలుపు గురించి, అక్కడ పుట్టినవాడిలా చెప్పాడు. చేపల రేవులవాళ్ళు ఓటేశారు. గనులవాళ్ళు వేశారు. అడవుల అంచున, కొండల వెనక, ఎవరి జిల్లాలో ఒంటరి ఆసుపత్రి ఉందో వాళ్ళంతా వేశారు. వాళ్ళు అంతమంది ఉన్నారని ఆర్డిత్‌కే తెలియదు. గోడ మీద ఓట్లు చూపించే బోర్డులో అవునన్న పచ్చదీపాలు వెలుగుతూ పోయాయి. ఎర్రదీపాలు వెనకబడ్డాయి. స్పీకరు ఫలితం చదువుతుంటే ఆమె కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది.

సెనేటు ముందే ఆమోదించింది. ఇక మిగిలింది అధ్యక్షుడి సంతకమే.

అది శుక్రవారం. వేలం జరుగుతూ ఉంటుంది. ఆమె వసారాలో ఫోను గూటికి వెళ్ళి హోటలుకు ఫోను చేసింది.

"ఎవరూ?" అంది మావిస్.

"నేనేనే. గెలిచాం."

ఆర్డిత్ ఫోను చెవికి ఇంకా నొక్కుకుంది.

"మావిస్? వింటున్నావా? ఆపరేషన్ గది తెరుస్తారు. కాన్పుల గది కూడా."

"ఉండు" అంది మావిస్. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. డూయీ పాట మధ్యలో ఆగింది. కుర్చీలు జరిగాయి. తలుపు కొట్టుకుంది. ఆ తరవాత ఎవరి గొంతూ లేదు. ఆ మనుషులకు కేకలు పెట్టడం రాదు.

మొదట ఒక ట్రక్కు హారను మోగింది. తరవాత ఇంకొకటి. తరవాత వేలంశాల ముందు నిలిపిన ట్రక్కులన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. దొడ్లో పశువులు బెదిరి అరవసాగాయి. ఎక్కడో కంచె విరిగిన చప్పుడు. "ఒరే, ఎద్దులు పోతున్నాయిరా!" అని ఎవరో అరిచారు. "పోనీరా!" అని ఓర్విల్ గొంతు. హారన్లు ఆగలేదు.

వెనక ఫోను కోసం దక్షిణాది సభ్యుడొకాయన నిలబడి ఉన్నాడు. ఆమె నవ్వుతూ ఏడుస్తుంటే చూసి కంగారుపడ్డాడు.

"ఏమ్మా, అంతా బాగేనా? ఆ చప్పుడేంటి?"

ఆర్డిత్ ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

"మా వాళ్ళు" అంది.